గోడ మీద గీతలు: టీచరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లల బొమ్మల గురించే. ఎండాకాలం సెలవులు, కొత్తగా బళ్ళో వేసిన పిల్లలు, పండక్కి సున్నం వేసిన గోడలు, అన్నీ కలిసొచ్చాయి మరి. ఒడిశాలోని గుణుపురంలో బాలబడి నడిపినన్నాళ్ళూ తల్లులు నన్ను ఆపి అడిగినవీ ఇవే. పేర్లు అచ్చు వెయ్యొద్దని చాలామంది రాశారు గనుక ఊరి పేరుతోనే సరిపెడుతున్నాను.

మా పాపకి మూడేళ్ళు నిండాయి. ఏప్రిల్లో నర్సరీలో వేశాం. పక్కింటి బాబుది కూడా అదే వయసు, వాడు అప్పుడే అ నుంచి ఔ దాకా రాసేస్తున్నాడు. మా పాపకి పలక ఇస్తే గిరగిరా సున్నాలు చుట్టి, వాటి మీదే మళ్ళీ చుట్టి, పలకంతా తెల్లగా చేసి నా ఒళ్ళో పెడుతుంది. 'చెయ్యి పట్టుకుని రాయించండి' అన్నారు స్కూల్లో మేడం. పట్టుకుంటే ఏడుస్తుంది. నాకు టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, రాయగడ)

అమ్మా, చెయ్యి పట్టుకోవడం ఇవాళే ఆపెయ్యండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

పిల్లలు ఏడాదిన్నర ప్రాంతంలో చేతికి దొరికిన దానితో గీకడం మొదలెడతారు. అప్పుడు భుజం దగ్గర్నుంచి చెయ్యంతా ఊగుతుంది. అందుకే గీత కాగితం దాటి గచ్చు మీదికి పోతుంది. తర్వాత కదలిక మోచేతికి, ఆ తర్వాత మణికట్టుకి, అన్నిటికన్నా చివర వేళ్ళకి వస్తుంది. మామూలుగా రెండేళ్ళకి నిలువు గీత, మూడేళ్ళకి మొదలెట్టిన చోటే కలిసే సున్నా, నాలుగు దగ్గర కూడిక గుర్తు, నాలుగున్నరకి నలుచదరం, అయిదుకి త్రిభుజం. ఓ నాలుగు నెలలు అటూ ఇటూ అవుతుంది. మీ పాప ఉండాల్సిన చోటే ఉంది.

మణికట్టు సంగతి చాలామందికి తెలీదు. అందులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు వాటిలో ఒక్కటీ గట్టి ఎముక కాదు, అంతా మెత్తటి మృదులాస్థి. ఏళ్ళ మీద ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ళ పిల్ల చేతికి ఎక్స్‌రే తీస్తే అందులో సగం కనిపిస్తే గొప్ప. అలాంటి చేతిని పట్టుకుని రెండు గీతల మధ్యలో 'అ' దిద్దిస్తే ఏడవక ఏం చేస్తుంది? ఈ వయసులో సుద్దముక్కని పిడికిట్లో పట్టుకోవడమూ తప్పు కాదు. మూడు వేళ్ళ పట్టు నాలుగేళ్ళు దాటాక దానంతటదే కుదురుతుంది.

ఇక ఆ సున్నాలు. రోడా కెలాగ్ అని అమెరికాలో ఒక నర్సరీ టీచరు ఉండేవారు. లెక్కలేనన్ని పిల్లల గీతల కాగితాలు పోగేసి చూసి, మనకి పిచ్చిగీతల్లా కనిపించే వాటిలో ఇరవై రకాలున్నాయని తేల్చారు: చుక్క, నిలువు, అడ్డం, ఐమూల, మెలిక, చుట్ట, ఇలాగ. తర్వాత పిల్లలు వేసే బొమ్మలన్నీ వీటిని కలిపి కట్టుకున్నవే. పైగా మనం రాసేది తెలుగు, మీరుండేది రాయగడ. తెలుగూ ఒడియా రెండూ గుండ్రటి లిపులే. ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో చాలావాటికి నిలువు, అడ్డం, ఐమూల గీతలతో పని జరిగిపోతుంది. మన 'అ'కి, 'ఠ'కి, ఒడియా అక్షరాల తల మీది గొడుగుకి చెయ్యి తిరగాలి. మీ పాప రోజూ చేస్తున్నది ఆ సాధనే. ఎవరూ చెప్పకుండా చేస్తోంది, అంతే తేడా.

పక్కింటి బాబు సంగతంటారా, వరస తప్పించి 'ఎ ఏది, ఉ ఏది' అని అడిగి చూడండి. ఆ వయసులో చాలామంది అక్షరాన్ని బొమ్మలాగే వేస్తారు. వెయ్యనివ్వండి, కానీ దాన్ని చదువు అనుకుని మీరు నిద్ర చెడగొట్టుకోవద్దు. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. అందులో మొదటి మూడేళ్ళూ ఆటపాటలకే. ఆ మాట మేడంకి మెల్లగా చెప్పండి. పోట్లాడితే ఆ కోపం పిల్ల మీద పడుతుంది.

ఇంట్లో ఏం చెయ్యాలంటే: కొత్త పొడుగు క్రేయాన్లని ముక్కలు చేసి ఇవ్వండి. ముక్క పొట్టిదైతే పిడికిలి పట్టదు, వేళ్ళే పట్టుకోవాలి. చపాతీ పిండిలోంచి ఓ ముద్ద ఇవ్వండి. బట్టల క్లిప్పులు తీయించండి, పెట్టించండి. మధ్యాహ్నం ముంతెడు నీళ్ళు, పాత పెయింటు బ్రష్షు ఇచ్చి ఎండ పడే గచ్చు మీద వదిలెయ్యండి. వేసింది ఆరిపోతుంటే మళ్ళీ వేస్తుంది, మీకు కడిగే పనీ ఉండదు. పాత కేలండర్లు తిరగేసి ఆవిడ ఎత్తుకి అందేలా గోడకి అంటించండి. నిలబడి గోడ మీద గీస్తే భుజం, మణికట్టు రెండూ గట్టిపడతాయి. అద్దె ఇల్లయితే కేలండర్ కింద ఇంకో పొర పాత పేపరు కూడా వెయ్యండి. ఇంటి ఓనర్ల సంగతి నాకు తెలుసు.

మా అబ్బాయికి నాలుగేళ్ళ మూడు నెలలు. మనిషి బొమ్మ వేస్తే తలకాయలోంచే కాళ్ళు దిగుతాయి. పొట్ట ఉండదు. చేతులు చెవుల దగ్గర్నుంచి వస్తాయి. బస్సు వేస్తే లోపల కూర్చున్న వాళ్ళ కాళ్ళు, వాళ్ళ అమ్మమ్మ సంచి, సంచిలో అరటిపళ్ళు కూడా కనిపిస్తాయి. నేను పొట్ట వేసి చూపించాను. మర్నాడు మళ్ళీ అదే. బుర్రలో ఏదైనా లోపమా? (ఒక నాన్న, పర్లాకిమిడి)

లోపం లేదు బాబూ. సంచిలో అరటిపళ్ళు వేశాడంటే బుర్ర బాగానే పనిచేస్తోంది.

తలలోంచి కాళ్ళు దిగే మనిషిని మూడు, నాలుగేళ్ళ పిల్లలు అన్ని దేశాల్లోనూ వేస్తారు. ముందు సున్నా వస్తుంది. సున్నా చుట్టూ గీతలు పెడితే సూర్యుడు. ఆ గీతల్లో కొన్ని మానేసి కింద రెండు, పక్కల రెండు ఉంచితే మనిషి. వాడికి ఆ సున్నా ఒట్టి తలకాయ కాదు, తలా ఒళ్ళూ కలిసిన మొత్తం మనిషి. బొడ్డు ఎక్కడుందిరా అని అడిగి చూడండి. కొందరు సున్నాలోనే చూపిస్తారు, కొందరు రెండు కాళ్ళ మధ్య ఖాళీలో చూపిస్తారు. పొట్ట ఉందని వాడికి తెలుసు, మనకే కనిపించడం లేదు. అయిదేళ్ళ ప్రాంతంలో వాడే విడదీసి వేస్తాడు. మీరు వేసి చూపించిన పొట్ట మీ పొట్ట, వాడికి దానితో పని లేదు.

బస్సు బొమ్మ ఇంకా బాగుంది. లూకే అనే ఫ్రెంచి పండితుడు 1927లోనే దీని గురించి రాశాడు: పిల్లలు కంటికి కనిపించింది వెయ్యరు, తమకి తెలిసింది వేస్తారు. బస్సులో అమ్మమ్మ ఉందని తెలుసు, సంచిలో అరటిపళ్ళున్నాయని తెలుసు. తెలిసిన దాన్ని రేకు అడ్డం వచ్చిందని వదిలెయ్యడం వాడికి అన్యాయంగా తోస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ళు వచ్చేసరికి 'అసలు ఎలా కనిపిస్తుంది' అన్న పట్టింపు మొదలవుతుంది. అప్పుడు చాలామంది 'నాకు బొమ్మలు రావు' అని మానేస్తారు. ఈ అరటిపళ్ళ రోజులు ఎన్నాళ్ళో ఉండవు, చూసుకోండి.

మీది పర్లాకిమిడి కాబట్టి ఒక మాట. గుణుపురం నుంచి పుట్టాసింగ్ వైపు లాంజియా సవర గిరిజనుల ఊళ్ళలో ఇళ్ళ లోపలి గోడల మీద ఇడితాల్ బొమ్మలుంటాయి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, నలిపిన వెదురు పుల్లతో వేస్తారు. అందులోనూ ఇంటి గోడ తీసేసినట్టు లోపలి మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు అన్నీ కనిపిస్తాయి. ఈమధ్య వేసిన వాటిలో సైకిళ్ళు, విమానాలు కూడా ఉంటాయి. అలాగని సవర బొమ్మల్ని చిన్నపిల్లల బొమ్మలతో పోల్చకండి, చదువుకున్నవాళ్ళే ఆ తప్పు చేస్తుంటారు. అది దేవతకో, పోయిన పెద్దకో గోడ మీద ఇల్లు కట్టివ్వడం. పూజారి చెప్పిన ప్రకారం, పెద్దవాళ్ళు, నియమంతో వేస్తారు. నేను చెప్పేదల్లా ఒకటే: లోపలిది బయటికి కనిపించేలా వెయ్యడం తప్పని ఎక్కడా రాసిలేదు. మీ అబ్బాయిని తీసుకెళ్ళి ఒక్కసారి చూపించండి. ఇంటివాళ్ళని అడిగి లోపలికెళ్ళండి, అది పూజ చేసుకునే గోడ.

ఇంకో సంగతి. బొమ్మ చూడగానే 'ఇదేంటిరా?' అని అడక్కండి. సగం సార్లు వాడికీ ఇంకా తెలీదు. మీరు అడిగారని ఏదో ఒకటి చెప్తాడు, రేపు ఇంకోటి చెప్తాడు, మీరేమో అబద్ధం అంటారు. 'ఇక్కడ ఎర్రరంగు చాలా గట్టిగా రుద్దావే' అనండి, చాలు. చెప్పాలనుంటే వాడే మొదలెడతాడు.

టీచరమ్మ గారికి నమస్కారం. మా మనవరాలికి నాలుగేళ్ళు. అన్నీ ఎడం చేత్తోనే. మార్గశిరం లక్ష్మివారాల్లో నేను గుమ్మంలో ముగ్గేస్తుంటే పక్కన కూర్చుని ఎడం చేత్తో పిండి పోస్తుంది. అమ్మవారి పాదాలు కూడా ఎడం చేత్తోనే దిద్దింది. మాన్పించమని నేనంటాను, కోడలు వద్దంటుంది. పైగా నేను వేసిన ముగ్గంతా చెరిపేస్తుంది. (ఒక నానమ్మ, గుణుపురం)

వదినగారూ, ఈసారికి కోడలిదే పైచెయ్యి. పదిమందిలో ఒకరు ఎడంచేతి వాటంతోనే పుడతారు. ఏ చెయ్యో రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ లోపల చాలామందిలో తేలిపోతుంది, కొందరికి ఆరేళ్ళ దాకా పడుతుంది. నాలుగేళ్ళ పిల్ల అన్నీ ఎడం చేత్తో చేస్తోందంటే వాటం తేలినట్టే. మాన్పిస్తే చెయ్యి మారుతుందేమో గానీ వాటం మారదు, పిల్ల గీతే పాడవుతుంది. భయపడాల్సిన సంగతి వేరే ఉంది: ఏడాదిన్నర లోపు పసిబిడ్డ ఒక చెయ్యే వాడుతూ రెండోది కదపకపోతే డాక్టరుకి చూపించాలి. అది వాటం కాదు, రెండో చేతిలో బలం లేకపోవడం కావచ్చు.

అన్నం కుడిచేత్తో తినడం నేర్పుతానంటారా, నేర్పండి, అందులో నేను అడ్డం రాను. పెన్సిలు, కత్తెర, ముగ్గు మాత్రం వదిలెయ్యండి. కాగితాన్ని కుడివైపుకి కాస్త వాల్చి పెడితే రాసింది చేతికింద పడి చెరిగిపోదు. పెన్సిలు మొన నుంచి కాస్త పైకి పట్టుకోమనండి. బెంచీలో ఎడమ చివర కూర్చోబెట్టమని బళ్ళో చెప్పండి, లేకపోతే పక్కపిల్ల మోచేతితో రోజంతా యుద్ధమే. అమ్మవారి పాదాల మాటకొస్తే, మన ఊళ్ళో ఒడియా వాళ్ళ ఇళ్ళలో మార్గశిర లక్ష్మీపూజకి, అదే మాణబసా గురువారానికి, బియ్యప్పిండి నీళ్ళతో ఝోటి ముగ్గు వేస్తారు కదా, గుమ్మం నుంచి ధాన్యం దాకా లక్ష్మి అడుగులు. అక్కడ ఎన్ని చిన్న చేతులు పడతాయో మీరూ చూసే ఉంటారు. అమ్మవారు ఏ చేత్తో దిద్దారని చూసుకుని వస్తుందని నేననుకోను.

ముగ్గు చెరపడం గురించి: నాలుగేళ్ళ పిల్లకి మీ పదిహేను చుక్కల మెలిక ముగ్గు అందదు. చుక్కలు లెక్కపెట్టి వరస తప్పకుండా తిప్పడం ఆరేడేళ్ళకి వస్తుంది. గుమ్మం పక్కన ఒక మూర చోటు అలికి 'ఇది నీది' అనండి. అక్కడ ఏం పోసినా మీరు సరిచెయ్యకూడదు. మీది ఆవిడ చెరపకూడదు. ఆ వయసుకి ఈ ఒప్పందం బాగా అర్థమవుతుంది. మీకే కష్టం, ఆ మూర చోటు వంక చూడకుండా ఉండాలి.

మా బాబుకి అయిదేళ్ళు. నిరుడు కాలనీలో గణేశ్ పూజ బొమ్మల పోటీలో ఫస్టు వచ్చాడు. అప్పట్నుంచి ఒక్కో బొమ్మకి ఒక చాక్లెట్ ఇస్తున్నాను, ప్రాక్టీసు పోకూడదని. ఇప్పుడు చాక్లెట్ లేనిదే పెన్సిలు ముట్టడు. ఇస్తే రెండు గీతలు గీసి 'అయిపోయింది' అంటాడు. (ఒక తల్లి, బరంపురం)

మీ ఇంట్లో జరిగిందే 1973లో అమెరికాలో పరీక్షపెట్టి మరీ చూశారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళ నర్సరీలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు, బొమ్మలంటే అసలే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. వయసు మూడు నుంచి అయిదు లోపు. కొందరికి 'బొమ్మలు వేస్తే రిబ్బనూ బంగారు రంగు ముద్రా ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పి, వేశాక ఇచ్చారు. కొందరికి చెప్పకుండా వేశాక ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాలయ్యాక స్కెచ్ పెన్నులు మళ్ళీ బల్ల మీద పెట్టి ఊరికే చూశారు. బహుమతి వస్తుందని ముందే తెలిసి వేసిన పిల్లలు, మిగతా రెండు గుంపులతో పోలిస్తే సగం సేపే వేశారు. బహుమతి కోసం వేసిన రోజు బొమ్మలు కూడా నాసిగా ఉన్నాయి. చెప్పకుండా ఇచ్చిన వాళ్ళలో ఈ తగ్గుదల లేదు.

ఇష్టంతో చేసేదానికి కూలి కడితే అది కూలిపని అయిపోతుంది. రెండు గీతలు గీసి 'అయిపోయింది' అన్న మీ వాడు లెక్క సరిగ్గానే చూసుకుంటున్నాడు. చాక్లెట్ ఒకటే, కష్టం ఎందుకు ఎక్కువ పెట్టాలి?

ఇప్పుడేం చెయ్యాలి? చాక్లెట్ ఆపేయండి, ఎందుకని ఉపన్యాసం ఇవ్వకండి. సాయంత్రం భోజనం తర్వాత చాక్లెట్ అలవాటుంటే ఉంచండి, బొమ్మతో ముడి మాత్రం తెంపండి. ఓ నెల రోజులు బొమ్మ ఊసే ఎత్తొద్దు. రంగులు, కాగితాలు చేతికందేచోట ఉండాలి, అంతే. వాణ్ణి కూర్చోమనకుండా మీరే కూర్చుని మీకు తోచింది వేసుకోండి. బాగా రాకపోతే ఇంకా మంచిది. తొందర్లో కాకపోయినా వస్తాడు.

పోటీల గురించి నా అభిప్రాయం కొంచెం ఘాటుగానే ఉంటుంది. ఆరేళ్ళ లోపు పిల్లలకి బొమ్మల పోటీ పెట్టకూడదు. మన పూజా పందిళ్ళలో జరిగేదేంటి? తల్లి ఇంటి దగ్గర కొండ, సూర్యుడు, గుడిసె, రెండు కొబ్బరిచెట్లు నేర్పి పంపుతుంది, యాభై కాగితాల మీద యాభై అవే కొండలు. అచ్చు ఎవరిది సరిగ్గా దిగిందో వాళ్ళకి ఫస్టు. మనం ఉండేది మహేంద్రగిరి పక్కన, నియమగిరి పక్కన. మన పిల్లలు వేసే కొండ మాత్రం రెండు త్రిభుజాలు, మధ్యలో సూర్యుడు! పందిరి కమిటీ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మార్కులు మానేసి తాడు కట్టి అన్ని బొమ్మలూ వేలాడదీయండి. అందరికీ ఒకే లడ్డూ, ముందు చెప్పకుండా.

నేను అంగన్‌వాడీ కార్యకర్తని. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవై మందికి పైగా వస్తారు. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, సవర పిల్లలు కలిసే ఉంటారు. రంగులు ఏడాదికి ఒకసారి వస్తే రెండు నెలల్లో అయిపోతాయి. సొంత డబ్బుతో కొనలేను. (కాశీనగర్, గజపతి జిల్లా)

అమ్మా, 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైన దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా దేశంలో అంగన్‌వాడీలని నిలబెట్టింది మీలాంటి వాళ్ళ సొంత చేతులే. డబ్బు సంగతి నేను తీర్చలేను. మీ చుట్టూ ఉన్న రంగులు మాత్రం చెప్పగలను.

బొగ్గు, ఇటుకముక్క, ఎర్రమట్టి, ముగ్గుపిండి: ఈ నాలుగూ ఏడాది పొడుగునా దొరుకుతాయి. మాఘ ఫాల్గుణాల్లో మోదుగ పూలు రాలతాయి, నీళ్ళలో మరిగిస్తే నారింజ పసుపు దిగుతుంది. దడి మీది బచ్చలి పళ్ళు నలిపితే ఊదా రంగు. మందార రేకులు కాగితం మీద రుద్దితే నీలం కలిసిన ఊదా వస్తుంది, దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే ఎర్రబారుతుంది. పసుపునీళ్ళలో సున్నం కలిపితే పారాణి ఎరుపు. పిల్లలు దీనికి కేకలు పెడతారు, కానీ సున్నం కలిపే పని మీరే చెయ్యండి, వాళ్ళ చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. చిక్కటి గంజిలో ఈ రంగులు వేస్తే వేళ్ళతో పూసుకునే రంగు తయారు. గంజి మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే. కుంచెకి వేపపుల్ల నలిపితే చాలు. కాగితం లేకపోతే గచ్చు, గచ్చు లేకపోతే అలికిన నేల. వంశధార ఒడ్డు మీకు దగ్గరే కాబట్టి బంకమట్టికి కొదవ లేదు. రాళ్ళు, గాజుపెంకులు ఏరి, తడిగుడ్డలో చుట్టి ఉంచితే వారం వస్తుంది. బొమ్మల్ని కాల్చక్కర్లేదు, ఆడి మళ్ళీ ముద్ద చేసెయ్యడమే.

జాగ్రత్తలు గట్టిగా చెప్తున్నాను. గురివింద గింజలు, ఆముదం గింజలు అందంగా ఉన్నాయని అంటించడానికి ఇవ్వకండి. నమిలితే విషం. మూడేళ్ళ లోపు పిల్లలకి ఏ గింజా, పూసా వద్దు, గొంతులో అడ్డుపడుతుంది. బజారు కుంకుమ, సింధూరం రంగుగా వాడొద్దు, కొన్నిటిలో సీసం ఉంటుంది. మిగిలిన గోడ పెయింటూ వద్దు. కేంద్రం 2016లో నియమం పెట్టి, 2017 నవంబరు నుంచి ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో తొంభై) దాటకూడదంది. కానీ మీ సెంటరు మూలన ఉన్న డబ్బా ఎప్పటిదో ఎవరికి తెలుసు? సీసం పిల్లల మెదడుకి చేసే చెరుపు మళ్ళీ పూడదు. పొట్టు లేచిన పాత తలుపు రంగు పిల్లలు గిల్లకుండా కూడా చూడండి.

ఇరవై మందికీ ఒకేసారి రంగు ఇవ్వొద్దు. అయిదుగురు రంగు దగ్గర, అయిదుగురు మట్టి దగ్గర, మిగతావాళ్ళు పాట దగ్గర. మీకు చేతులు రెండే కదా.

ఫోన్లో బొమ్మలకి రంగులేసే యాప్ ఉంది. మా పాప రెండున్నరేళ్ళకే గీత దాటకుండా రంగులు నింపేస్తోంది. ఇది మంచిదేనా? (ఒక తల్లి, జయపురం)

నింపుతున్నది ఫోను, మీ పాప కాదు. వేలితో ముట్టుకుంటే రంగు నిండిపోయే దానిలో చేతికి పనేముంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకి తెర ముందు రోజుకి గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఆ గంటలో ఈ యాప్ కూడా లెక్కే. అచ్చు వేసిన రంగుల పుస్తకాల మీద నాకు అంత కోపం లేదు. ప్రయాణంలో ఒకటి ఇవ్వండి, పర్లేదు. ఇంట్లో మాత్రం ఖాళీ కాగితం.

నేను రైల్వే ఉద్యోగిని. బదిలీ మీద వచ్చాం. ఇంట్లో తెలుగు. మా బాబు నాలుగున్నరేళ్ళవాడు. బళ్ళో అంతా ఒడియా. చేరి నాలుగు నెలలైనా అక్కడ నోరు విప్పడు, ఇంటికొచ్చి వాగుతూనే ఉంటాడు. బళ్ళో బొమ్మలు మాత్రం వేస్తాడట. 'మూగవాడా?' అని అడిగారు ఒక టీచరు. (ఒక నాన్న, కోరాపుట్)

ఇంట్లో వాగుతున్నాడు కదా, అయితే చెవీ నోరూ బాగున్నట్టే. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు వింటూ కూర్చోవడం మామూలే. ఇంట్లో కూడా మాట తక్కువైతే అప్పుడు చెవి పరీక్ష చేయించాలి. మీకా అవసరం లేదు.

ఈ సరిహద్దు జిల్లాల్లో ఇది కొత్త కథ కాదు. ఒకప్పుడు పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరలు చదువుకోవాలంటే వాళ్ళ మాటలోనే మొదలెట్టాలని తాను సవర నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టించారు. మీ వాడి బడి వాడి భాషకి మారదు గానీ, వాడి దగ్గర ఆ బడికి అర్థమయ్యేది ఒకటి ఉంది. బొమ్మలు. అక్కడి నుంచే మొదలెట్టండి.

రాత్రి పడుకునే ముందు వాడు వేసిన బొమ్మ గురించి వాడు చెప్పింది చెప్పినట్టు కింద తెలుగులో రాయండి. 'కుక్క పరిగెట్టింది, వాన వచ్చింది, కుక్క తడవలేదు' అంటే అదే రాయాలి, ఎందుకు తడవలేదని అడిగి సరిచెయ్యకూడదు. తన మాట కాగితం మీద నిలబడుతుందని, దాన్ని మళ్ళీ చదవొచ్చని వాడికి అలా తెలుస్తుంది. రాయడం నేర్చుకోవాలన్న కోరిక కూడా అలాగే పుడుతుంది. తెలిసినవాళ్ళెవరితోనైనా దాని కిందే ఒడియాలో ఒక వరస రాయించి, బొమ్మని బడికి పంపండి. టీచరు ఆ చెట్టు మీద వేలు పెట్టి 'గొఛొ' అని, ఇంటి మీద వేలు పెట్టి 'ఘొరొ' అని అంటే చాలు. వాడు వేసిన చెట్టే కాబట్టి ఆ మాట వాడికి పరాయిది కాదు. వెంటనే తిరిగి చెప్పమని మాత్రం ఒత్తిడి చెయ్యొద్దనండి.

ఆ 'మూగవాడా' అన్న మాట వాడి ముందు మళ్ళీ అనకూడదని ఆ టీచరుకి మీరే వెళ్ళి చెప్పండి. చీటీ రాసి పంపకండి. ప్రతి బొమ్మ వెనకా తారీఖు వేసి ఫైల్లో పెట్టండి. దసరా నాటికి మొదటి కాగితం, చివరి కాగితం పక్కపక్కన పెట్టి నాకు ఫొటో పంపితే, వాడి అనుమతి అడిగి, ఈ పేజీలోనే వేయిస్తాను.